చెరిగిన వడ్లు

ఆ రోజు పొద్దున్నుంచీ మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గర మా యంత్రం అబద్ధం చెబుతూనే ఉంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి మధ్యాహ్నమైంది. తెలిశాక కూడా దాని నోరు మూయించలేకపోయాం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మేమంటే నేనూ, పూజా. హైదరాబాద్‌లో వైర్‌లెస్ చిప్పుల మీద పరిశోధన చేసే కంపెనీలో ఇద్దరం పని చేసేవాళ్లం. నాది కోదాడ, మా నాన్న బడిపంతులు. వడ్లతో నాకున్న సంబంధమల్లా అన్నం కంచం దగ్గరే. పూజది త్రిపురారం దగ్గర తండా. చిన్నప్పుడే గురుకులంలో చేరి, అక్కణ్నుంచి హాస్టళ్లలోనే పెరిగి, పీహెచ్‌డీ చేసి వచ్చింది. ఇంటికి పోయేది సెలవుల్లోనే. కోతలు ఎప్పుడూ ఆమె సెలవుల్లో పడలేదు.

యంత్రం ఆలోచన పూజదే. జోరు వానలో టీవీ సిగ్నల్ పోతుంది కదా, అలాగే వడ్ల రాశిలోంచి పంపిన రేడియో తరంగం కూడా గింజలో నీళ్లున్నకొద్దీ నీరసపడుతుంది. ఎంత నీరసపడిందో కొలిస్తే వడ్లలో తేమ ఎంతో తెలిసిపోతుంది. మిల్లుల్లో వాడే చేతి మీటరు గుప్పెడు గింజల్నే చూస్తుంది. ఆ గుప్పెడు లోడులో ఏ మూల నుంచి తీయాలో గుమస్తా ఇష్టం. అదే ట్రాక్టరు లోడులోకి నాలుగు వైపులా కర్రల్లాంటి ఏంటెన్నాలు గుచ్చితే మొత్తం లోడు సంగతి ఒక్కసారే తేలిపోతుంది, గుమస్తా ఆటలు సాగవు అని ఆమె పట్టుదల.

"మా వదిన ఏటా మిల్లు కాడికెళ్లి ఏడ్సుకుంటనే ఇంటికొస్తది ఉషా. తేమ ఎక్కువున్నదని వాళ్లు ధర కోస్తరు, లేదని ఈమె అంటది. ఎవరి దిక్కు న్యాయమున్నదో చెప్పేటోళ్లు లేరు" అనేది. ఆ చెప్పేది తన యంత్రం కావాలని ఆమె కోరిక. మూడేళ్లు దానికే ధారపోసింది.

ఇలాంటి యంత్రానికి ముందు నేర్పాలి, తరంగం ఇంత తగ్గితే తేమ ఇంత అని. అందుకు రకరకాల తేమ ఉన్న వడ్లు కావాలి. పూజ తన వదిన సాలికి ఫోన్ చేసి, కోసిన రోజువి, ఒక పూట ఆరినవి, బాగా ఆరినవి గాలి చొరకుండా మూటకట్టి పంపమంది. సాలి పంపింది. ల్యాబ్‌లో సంచులు విప్పితే ఒక్క తాలు గింజ లేదు, ఒక్క గడ్డిపోచ లేదు. వడ్లంటే ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాం, అందరం చదువుకున్నవాళ్లమే కదా! మా డైరెక్టర్ గ్రాఫ్ చూసి "ఇంత శుభ్రమైన డేటా నా సర్వీసులో చూడలేదు" అని మురిసిపోయాడు. ఆ లెక్కలన్నీ చిప్పులోనే చెక్కేసేలా డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపేశారు. ఒక్క సీజన్ ఆగి పొలాల దగ్గర పరీక్షిద్దామని పూజ బతిమాలింది. ఆలోపు పోటీ కంపెనీ వచ్చేస్తుందన్నారు. ఇక చేతిలో ఉన్న నమూనా యంత్రంతో మిర్యాలగూడలో పెట్టిన పరీక్ష పేరుకే, మిల్లుల యజమానులకు చూపించి ఆర్డర్లు తెచ్చుకోవడానికి.

ఆ పొద్దున దారిలో టిఫిన్‌కు ఆగేసరికే మబ్బు పట్టింది. పూజ ఇడ్లీ ముట్టలేదు.

"మా వదిన గూడ ఇయ్యాల్నే తెస్తున్నది. మన మిషన్ పెట్టేదాక కోయొద్దని ఆగింది. చేను ఒరిగిపోతున్నా ఆగింది" అంది.

మిర్యాలగూడలో సన్న వడ్లను ఆరబెట్టి అమ్మరు. కోత మిషన్ పోసిన పచ్చి వడ్లను పోసినట్టే ట్రాక్టరులో మిల్లుకు తోలుకొస్తారు. మేం వెళ్లేసరికి రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు బారు కట్టి ఉన్నాయి. లోడు మీద పచ్చి వడ్లు ఎక్కువసేపు ఉంటే వేడెక్కి రంగు మారతాయి. అందుకే ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. పైనుంచి మబ్బు.

మొదటి లోడు నుంచే అంకెలు ఎక్కువ చూపించాయి. రైతులు లబోదిబోమన్నారు. గుమస్తా రామనర్సయ్య మాత్రం మాకు దగ్గరుండి చాయ్ తెప్పించాడు.

"మిషన్ మస్తుగున్నది మేడం. మేం చెప్తే నమ్ముతలేరు. కంపూటర్ చెప్తే నమ్మాలె గద" అన్నాడు.

నేను ఆ చాయ్ పక్కన పెట్టేశాను. రాత్రి మంచు కురిసిందేమోలే అంది పూజ, నాకంటే తనకే సర్దిచెప్పుకుంటున్నట్టు.

మధ్యాహ్నానికి సాలి లోడు గేటు దగ్గరికొచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో, మనిషి గట్టిగా ఉంది. పూజను చూసి నలుగురికీ వినబడేలా "మా ఆడబిడ్డ. గీ మిషన్ చేసింది ఈమెనే" అని చెప్పింది. ఏంటెన్నాలు గుచ్చారు. ముప్పై రెండు. తేమ ఇరవై ఆరు శాతం దాటదని సాలి లెక్క. ఆమె మొహం వాడిపోయింది.

పూజ లోడు ఎక్కి రెండు చేతులా వడ్లు తీసింది. గింజల్లో పచ్చి గడ్డి ముక్కలు, పాలు గట్టిపడని గింజలు, తాలు.

"వదినా, ఇంత గడ్డి ఉన్నదేంది? నాకు పంపిన సంచుల్ల లేకుండె గద?"

సాలికి నవ్వొచ్చింది. "నీకు గిట్ల పంపుతమా? ఆడబిడ్డకు పంపే గింజల తాలుంటె ఇంటికి మంచిదా? నేనూ యాడీ కూసోని చెరిగినం, ఏరినం. తేమ పోవద్దన్నవని తలుపులేసుకోని మరీ చెరిగినం. నడుములు పోయినయనుకో." యాడి అంటే పూజ వాళ్లమ్మ.

పూజ లోడు మీదే కూలబడింది. నాకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. పచ్చి గడ్డిలో గింజ కంటే ఎన్నో రెట్లు నీళ్లుంటాయి. మా యంత్రం పుట్టాక గడ్డి మొహం చూడలేదు. ఆ నీళ్లన్నీ గింజలోవే అనుకుని రైతు నెత్తిన వేస్తోంది.

పూజ హమాలీల దగ్గర చాట అడిగి తెచ్చింది. ఆమెకు చేతకాకపోతే సాలే అందుకుని చెరిగి ఇచ్చింది, ఎందుకో తెలియకుండానే. చెరిగిన వడ్లు ప్లాస్టిక్ బకెట్లో పోసి ఏంటెన్నాలు పెట్టాం. ఇరవై అయిదు. చెరగనివి పోసి పెట్టాం. ముప్పై రెండు.

పూజ డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ ఆన్ చేసింది. ఆయన అంతా ఓపిగ్గానే విన్నాడు.

"డిజైన్ ఫ్యాక్టరీలో ఉంది పూజా. ఇప్పుడు మార్చడమంటే మళ్లీ మొదటికి రావడమే. తర్వాతి వెర్షన్‌లో చూద్దాం. అయినా కాస్త ఎక్కువ చూపిస్తే మిల్లులకేం నష్టం?"

"నష్టం రైతులకు సార్."

"వాళ్లు మన కస్టమర్లు కారు. రిపోర్ట్‌లో ఈ గడ్డి గొడవ రాయకండి" అని పెట్టేశాడు. గొంతు పెంచలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

పూజ ఫోన్ జేబులో పెట్టుకుని నేరుగా గేటు మధ్యకు వెళ్లి నిలబడింది.

"అందరు ఇనండి! మిషన్ తప్పు చెప్తున్నది. గడ్డిల నీళ్లను గింజల కలిపి చెప్తున్నది. దీన్ని చేసింది నేనే, నేనే చెప్తున్న. ఎవరు ఒప్పుకోకండి!"

బకెట్లో వడ్లు చూపించి, రెండు అంకెలూ చెప్పింది. జనం గుమిగూడారు. రామనర్సయ్య తీరిగ్గా వచ్చి బకెట్లోకి తొంగి చూశాడు.

"చెరిగితే గాలికి ఆరయా మేడం? ఆరితే తగ్గదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. వినడానికి అదీ సబబుగానే ఉంది మరి.

"అంతలోనే ఏడు అంకెలు ఆరిపోతాయా అండీ? మీ పాత మీటరు తెప్పించండి" అని నేను అరిచాను.

"అది కోదాడ మిల్లుకు పంపినం. కొత్త మిషన్ వచ్చినంక పాతదెందుకు?" అన్నాడు. నాలుగు చినుకులు పడ్డాయి. వెనకాల ట్రాక్టర్ల వాళ్లు హారన్లు మొదలుపెట్టారు. కొందరు మాత్రం, చేసినామెనే తప్పంటున్నది కదా, లోడ్లు కదలనియ్యొద్దని బిగిశారు. పూజ మొహంలో ఆ రోజు మొదటిసారి ప్రాణం కనిపించింది.

అప్పుడు సాలి ముందుకొచ్చింది. పూజ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊకో పూజా. నా మొకం జూసి ఆగలేక అట్లంటున్నవ్. నాకు ఎరుకలేదా?"

"కాదు వదినా, నిజంగనే తప్పు. ఒట్టు."

"గింత సదువు సదివి, మూడేండ్లు నిద్ర లేకుంట చేసినవ్. నువ్వు చేసింది తప్పెట్లయితది? నా నాలుగు పైసల కోసం నీ కొలువు పోగొట్టుకుంటవా?"

పూజ ఏదో చెప్పబోయింది. ఏడుపే వచ్చింది. ఆ ఏడుపు చూశాక సాలికి మిగిలిన కాస్త అనుమానం కూడా పోయింది. ఆమె జనం వైపు తిరిగింది.

"మా ఆడబిడ్డ నా మీద ప్రేమతోని, పావురంతోని అంటున్నది. మీరు మనసుల పెట్టుకోకండి. మిషన్ల తప్పేం లేదు. నా లోడు నేను దించుతున్న."

చేసినామె సొంత వదినే ఒప్పుకున్నాక ఇంకెవరు నిలబడతారు? బిగిసినవాళ్లు ఒక్కొక్కరే తమ ట్రాక్టర్ల వైపు నడిచారు. పూజ గేటుకు అడ్డంగా అలాగే నిలబడి ఉంది. సాలి కొంగుతో ఆమె కళ్లు తుడిచి, భుజం పట్టుకుని పక్కకు జరిపి, డ్రైవర్‌ను లోపలికి పొమ్మంది. ఆ లోడు వెనకే మిగతావన్నీ కదిలాయి.