భయం లేదని చెప్పిన పిల్ల

సంచిలో ఒక్క జత బట్టలే పెట్టాను. రెండో జత పెడితే పిల్ల తండ్రి దగ్గరే ఉండిపోతుందేమోనని నా పిచ్చి. దువ్వెన, నీళ్ళ సీసా, కొరికి కొరికి సగమైన రబ్బరు కూడా పెట్టాను. ఆ కొరుకుడు వల్లే మనవరాలికి చిట్టెలుక అని పేరొచ్చింది.

"పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే పిల్లకి ఇంత సర్దుడేంటమ్మా, కాపురానికి పంపుతున్నట్టు!" అంది నా కూతురు. జిప్పు మాత్రం తనే వేసింది, ఎడమచేత్తో. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు.

ఆ వేళ్ళను అల్లుడు తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. అప్పటికి ఆరేళ్ళ చిట్టెలుక మంచం కింద నుంచి అంతా చూసింది. ఇద్దరూ నా దగ్గరకు వచ్చేశాక ఏడు నెలలు అది నోరు విప్పలేదు. గడియ చప్పుడైతే చాలు, నిలబడ్డ చోటే గౌను తడిపేసుకునేది.

వారానికి రెండుసార్లు పిల్లల ఆసుపత్రిలో, బొమ్మలాటలతో భయం పోగొట్టే మేడమ్ దగ్గరకు తీసుకెళ్ళేవాళ్ళం. ఆవిడ అట్టతో చిన్న తలుపు చేసి, దానికి నిజం గడియ బిగించింది. పిల్ల ఆ గడియ తీస్తూ ఒక మాట చెప్పాలి: "భయంగా ఉంది. అయినా తలుపు తీస్తాను." పదకొండో వారం చిట్టెలుక ఆ మాట గొణిగింది. నా కూతురు వరండాలోకి వెళ్ళి, గోడకు నుదురు ఆనించి ఏడ్చింది.

"ఇంట్లో కూడా రోజూ చెప్పించండి పెద్దమ్మా. మాట మాత్రం మార్చకండి. భయం ఉందని ఒప్పుకోవడమే దీనికి మందు," అంది మేడమ్, అట్ట తలుపు నా చేతికిస్తూ.

నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. నలభై దాటాక కూతురి పాత వాచకాలు ముందేసుకుని, కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. మాటలంటే నాకు భక్తి. పొద్దున్నే పసిదాని నోట భయం, భయం అనిపించడం మనసుకు పట్టలేదు. అందుకని మార్చాను.

"భయం లేదు అనవే. గట్టిగా. అంటే బిస్కెట్టు."

"మేడమ్ అలా చెప్పలేదుగా అమ్మమ్మా?"

"మేడమ్‌కి నీలాంటి పిల్లలు వందమంది. నాకు నువ్వొక్కదానివే. అను."

అంది. రోజూ బడికి వెళ్ళే ముందు ముప్పైసార్లు. గౌను కాళ్ళ మధ్య నొక్కి పట్టుకునైనా, గణగణమని అనేది. నేను ఆ గొంతే విన్నాను.

బిడ్డను చూపించమని అల్లుడు కోర్టుకు వెళ్ళాడు. కోర్టు పంపిన అధికారి మా ముందుగదిలో కూర్చుని కలం మూత తీశాడు.

"నాన్న దగ్గరకు వెళ్ళాలంటే భయమా పాపా?"

చిట్టెలుక నావైపు చూసింది. నా చెయ్యి అలవాటుగా బిస్కెట్ల డబ్బా మీదకు పోయింది.

"భయం లేదు," అంది గట్టిగా.

"అది దాని మాట కాదండీ, మా అమ్మ నేర్పింది!" అంది నా కూతురు.

"అంటే, పిల్లకి మాటలు నేర్పిస్తున్నారన్నమాట," అంటూ ఆయన అదీ రాసుకున్నాడు.

ఉత్తర్వు వచ్చిన రోజు వేలు పెట్టి నేనే చదివాను. 'బిడ్డ తనకు భయం లేదని స్వయంగా చెప్పినందున' ప్రతి ఆదివారం పది నుంచి ఆరు వరకు తండ్రి దగ్గర ఉండాలట.

"పంపకపోతే పూర్తిగా వాడికే ఇచ్చేస్తారటమ్మా," అంది కూతురు.

మొదటి ఆదివారం పదింటికి వీధిలో కారు హారన్ మోగింది. చిట్టెలుక గౌను తడిసింది. సంచిలో ఉన్న ఒక్క జతా తీసి తొడిగాను.

"అమ్మమ్మా, మేడమ్ చెప్పింది అననా?"

"అను తల్లీ."

"భయంగా ఉంది," అంది. రెండో ముక్క అనలేదు.

గడియ నేనే తీశాను.

సాయంత్రం ఆరు దాటాక వెళ్ళి చూస్తే అల్లుడి ఇంటికి తాళం వేసి ఉంది. అది ఆగస్టు పదకొండు. ఇప్పటికి తొమ్మిదేళ్ళు. చిట్టెలుక తిరిగి రాలేదు.