చెల్లి కార్డు మీద ఎర్ర అక్షరాలు

చెల్లి రక్తంలోంచి పెరిగిన క్రిమిని ప్లేటులో చూసింది నేనే. ఆస్పత్రి ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పనే అయినా, ఆ ఉదయం మూత తీసేముందు దాని మీద పేరు రెండుసార్లు చదువుకున్నాను. ప్లేటు మీద మందు అద్దిన కాగితం బిళ్ళలు పెడతాం. పనిచేసే మందు చుట్టూ క్రిములు పెరగక ఖాళీ వలయం మిగులుతుంది. పెన్సిలిన్ చుట్టూ అది పెద్ద నాణెమంత ఉంది. క్రిమి తన చుట్టూ కట్టుకునే గోడని ఆ మందు కట్టనివ్వదు. గోడ సరిగా లేని క్రిమి ఉబ్బి పగిలిపోతుంది.

కానీ చెల్లి కార్డు మీద ఎర్ర సిరాతో రాసుంది: పెన్సిలిన్ పడదు. గుండెకి పట్టిన ఇన్ఫెక్షన్‌కి అందుకే వేరే మందు ఎక్కిస్తున్నారు. జ్వరం దిగలేదు సరికదా, ఆ మందుకి కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది.

ఆ ఎర్ర అక్షరాలు నా పుణ్యమే. అప్పుడు దానికి ఆరేళ్ళు, నాకు పది. పెన్సిలిన్ సూది అంటే ఇల్లు పీకి పందిరేసేది. నేనే దాని చేతులు గోళ్ళతో గీరి, దురద అని చెప్పమని నేర్పాను. అమ్మ హడలిపోయింది, డాక్టరు ఆ మందు పడదని రాసేశారు, మేమిద్దరం దుప్పట్లో దూరి పడీ పడీ నవ్వుకున్నాం. ల్యాబులో చేరాక కూడా అమ్మ ముందు నోరు పెగల్లేదు. సిగ్గులేని దాన్ని.

చిన్నప్పుడు అసలేం జరిగిందని చెల్లిని చూస్తున్న డాక్టరమ్మ అమ్మని అడిగింది. మొహమంతా వాచి ఊపిరాడలేదని అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్ళుగా ఆ కథకి కొంచెం కొంచెం కలుపుతూనే ఉంది. నిజంగా వాచిందా? నేనే మర్చిపోయానా?

"అది అలర్జీ కాదు డాక్టర్, నేనే గీరాను," అన్నాను.

డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగి, ముందు పెన్సిలిన్ కాస్తే ఇచ్చి గంటసేపు చూద్దామంది. నర్సు విరుగుడు ఇంజెక్షన్ చేతిలో పట్టుకుని మంచం పక్కనే నిలబడింది.

ఇరవయ్యో నిమిషంలో చెల్లి కళ్ళు మూసుకునే చెయ్యి బరబరా గోక్కుంది. నర్సు ముందుకొచ్చింది.

"అక్కా, దురద అని చెప్పమంటావా?" అంది చెల్లి, ఒక కన్ను తెరిచి.

చేతి మీద ఒక్క దద్దురు కూడా లేదు. తిడదామనుకుని ఏడ్చేశాను. అమ్మ మాత్రం మా ఇద్దరి వంకా చూడలేదు. గడియారం వంకే చూస్తోంది. ఇంకా నలభై నిమిషాలున్నాయి.