ఆరో లెవెల్ యోధుడు

అది 1986. సుబేదారిలో సుందర్ రావు గదిలో ముగ్గురు స్నేహితులు ఆదివారాలు పాచికలతో కథల ఆట ఆడేవారు. కథ నడిపేది సుందర్ రావు; మిగతా ఇద్దరూ తలా ఒక పాత్రను కాగితం మీద రాసుకుని, ఆ పాత్రగా ఆడేవారు. జయరాజు యోధుడి వేషం ఎంచుకుని, గెలుపు మీద గెలుపుతో ఆరో లెవెల్‌కు ఎక్కాడు. బాలకిషన్ ఆడే మాంత్రికుడు మాత్రం మొదటి లెవెల్ దాటలేదు. అయినా సుందర్ రావు ఎప్పుడూ ఆ మాంత్రికుడి గతమే అడిగేవాడు. ఆ మాంత్రికుడు వరదలో పోయిన గురువు చెప్పులు మోసుకు తిరిగేవాడట!

జయరాజుకు కడుపు మండిపోయేది. ఒకనాడు ఆటలో తోడేళ్లు చుట్టుముట్టగానే, "నా యోధుడు ఉరుకుతాండు" అన్నాడు. ఒంటరిగా చిక్కిన మాంత్రికుడు చచ్చిపోయాడు.

బాలకిషన్ కొత్త కాగితం తీసుకున్నాడు. "ఇగ నేను ఆ మాంత్రికుని తల్లిని. నా కొడుకును ఇడిచిపెట్టి ఉరికినోన్ని ఊరూరు తిరిగి దేవులాడుతాన."

సుందర్ రావు కళ్లు మెరిశాయి. "జయరాజూ, నీ యోధుడు ఏ ఊరోడు? ఇంట్ల ఎవరున్నరు?"

జయరాజు కాగితం నిండా గెలుపుల అంకెలే ఉన్నాయి.

"తెల్వది" అన్నాడు, బాలకిషన్ వైపు చూడకుండా.