అచ్చులో జానెడు పడుగు

శంకరవ్వ ఆఖరి నూలు కండె చుట్టి, గుంటమగ్గంలో కూర్చున్న కొడుకు చేతికి అందించింది. సాంబయ్య తల ఎత్తలేదు. ఈ చీర మధ్యాహ్నానికి దిగితేనే సొసైటీలో కూలి ముడుతుంది. అది ముడితేనే కరీంనగర్ కాలేజీలో ఫీజు. రేపే ఆఖరు తేదీ.

తండ్రి నాగయ్య చనిపోయిన ఏడు సాంబయ్య పి.యు.సి. సగంలో వదిలి ఈ గుంటలో దిగాడు. తొమ్మిదేళ్ళయింది. వీపు వంగింది, తొక్కుడుచెక్కల మీద అరికాళ్ళు కాయలు కాశాయి. మళ్ళీ చదువంటే శంకరవ్వకు గుబులు. బస్సు మానేరు వాగులో పడుతుందేమో, హాస్టలు నీళ్ళకు జ్వరమొస్తుందేమో.

పక్కింటి గంగుబాయి తొంగిచూసింది. "ఏంది సాంబా, మీసాలు నెరిసినంక పలకా బలపమా?"

"నెరిస్తే అద్దుకుంట అత్తా. మనింట్ల నూలుకేసే నల్లరంగుకు కరువా?"

చీర పూర్తయింది. సాంబయ్య కత్తెర తీసుకుని, పడుగు దారాలు దూరే దువ్వెనలాంటి అచ్చు వెనక పెట్టాడు.

"ఆగు!" శంకరవ్వ చెయ్యి పట్టుకుంది. "అచ్చుల జానెడు ఉండనియ్యి. లేకుంటే కొత్త పడుగు దేనికి అతుకుత?"

"కొత్త పడుగెందుకవ్వా? మగ్గం అమ్మి నెలఖర్చుకు పెట్టుకుందమంటిమి గద."

"గా పైసలు దీపావళికే ఒడుస్తయి. సదువేమో ఏండ్ల పని. నేను నేస్త."

"నువ్వా?"

"మీ బాపు మూన్నెల్లు మంచం పట్టినప్పుడు ఎవలు నేసిండ్రనుకున్నవ్? తలుపేసుకొని నేనే నేసిన. అప్పట్ల నూలిచ్చే సేటు గా చీరలు చూసి, నాగయ్య చెయ్యి ఇంక మంచిగైందన్నడు." ఆమె కత్తెరను అచ్చు ముందుకు జరిపింది. "బస్సంటే భయం గని, మగ్గమంటే నాకేం భయం?"

సాంబయ్య అచ్చు ముందు కత్తిరించి, దారాలు జారకుండా గుప్పెడు గుప్పెడు ముడివేశాడు.

సొసైటీలో చీర ఇచ్చి, కూలి తీసుకుని, సాయంత్రం బస్సుకు బయల్దేరాడు. "కిటికిలకెల్లి చెయ్యి పెట్టకు. కాచిన నీళ్ళే తాగు. ఉత్తరం రాయి, ఊకె పరేషాన్ చెయ్యకు," అంటూ శంకరవ్వ వీధి మలుపు దాకా వెళ్ళి వచ్చింది.

ఇంట్లోకి వచ్చి, చీర కుచ్చెళ్ళు దోపుకుని గుంటలో దిగింది. కొడుకు కాళ్ళకు అరిగిన చెక్కల మీద ఆమె పాదాలు సరిగ్గానే కుదిరాయి. ముడులు ఒక్కొక్కటే లాగి చూసింది.

అచ్చు ముందు జానెడు పడుగు వేలాడుతోంది, ఒక్క ముడీ జారకుండా.