విరిగిన కమాను

శరన్మేఘశకలములు ఏకిన దూదివలె నాకాశమున నచ్చటచ్చట జెదరి నిలువగా రాత్రి కురిసిన చిఱువానకు దడిసిన తంగేడుపొదలు పసిడిపూవులు దాల్చి బాటల కిరువంకల మెఱయుచుండగా విజయదశమీప్రభాతభానుడు శంషాబాదు విమానాశ్రయసౌధపు గాజుగోడలపై బ్రతిఫలించి తా నొక్కడయ్యును వేయిమందియై చూపఱకన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండెను. లోపల గగనయానమున వచ్చి దిగిన జనులెల్ల నిర్విరామముగా దిరుగు నల్లనిపట్టెచుట్టును మూగి తమతమ సామానులకై యెదురుచూచుచుండిరి. దేహములు వేఱైనను ఆత్మ యొక్కటియే యని వేదాంతులు చెప్పుదురు గాని యచ్చట నాత్మలు వేఱైనను పెట్టెలు మాత్ర మొక్కటియే. ప్రతివాడును బరునిపెట్టెను దనదని లాగుటయు నాలుక కఱచుకొని విడుచుటయు మరల వేఱొకదానిని లాగుటయు జరుగుచుండెను.

ఆ గుంపున నేబదియెనిమిదేండ్ల గంటి హైమవతమ్మ యను ఫిడేలు పంతులమ్మ పొందూరుచీరె కొంగు నడుమునకు బిగించి నిలిచియుండెను. ఎడమభుజమున ఫిడేలుపెట్టె. కుడిచేత మామిడితాండ్ర బుట్ట. ఎదుట త్రోపుబండిపై రెండు పెద్ద సూట్‌కేసులు. వానిలో నొకదాని చక్రము విజయనగరమున బయలుదేరునపుడే యూడిపోయెను. త్రోపుబండియు దక్కువదేమియు గాదు. ఎడమకు ద్రోసిన గుడికి బోవుచు గుడికి ద్రోసిన నిలిచిపోవుచు నత్తవారింటి క్రొత్తయల్లునివలె బెట్టు చేయుచుండెను. ఇంత సామానుతో నీ వయసున నీమె యెక్కడికి బయలుదేరినదని చదువరు లడుగవచ్చును. చెప్పెద వినుడు.

ముప్పదేండ్లు వీధివీధి పిల్లలకు స్వరములు నేర్పిన యా సాధ్వికి గడచిన యైదేండ్లలో శిష్యు లొక్కొక్కరుగా దగ్గిపోయిరి. మిగిలిన యొక్క పిల్లయు మొన్నటి వేసవిని గీబోర్డు నేర్వబోయెను. తమ్మునియింటి మేడగదిలో నెవరి నిద్రకు భంగమగునో యని తలుపులు బిగించుకొని తువ్వాలు గుమ్మముక్రింద గ్రుక్కి వాయించుకొనవలసిన దుర్దశ యామెకు బట్టెను. ఫిడే లటకెక్కవలసినదే యని యామె నిశ్చయించుకొనుచున్న సమయమున హైదరాబాదునుండి యొక జాబు వచ్చెను.

ఆ జాబు వ్రాసినవాడు గుఱ్ఱాల ఐలయ్య యను విశ్రాంత బస్సుచోదకుడు. ముప్పదినాలుగేండ్లు బస్సు నడపిన యా మహానుభావుడు తన యౌవనమున నొక తెల్లవాఱుజామున నెవరో ప్రయాణికుని రేడియోలో నామె ఫిడేలు విని బస్సు నాపి పాట ముగియుదాక గదలనీయలేదట. నాడు ప్రయాణికులు తిట్టిన తిట్లను మఱచెను గాని యామె పేరు మాత్రము మఱవలేదు. పూలబావికాలనీలో దాముండు నపార్టుమెంటు క్రిందియంతస్తున నొక గది ఖాళీగా నున్నదనియు దనతో గలిపి తొమ్మండుగురు నేర్చుకొన సిద్ధముగా నున్నారనియు విజయదశమినాడు పదునొకండు గంటలకు వర్జ్యము వచ్చులోపల దొలిపాఠము చెప్పి శుభారంభము చేయవలసినదనియు నాతడు ప్రార్థించియుండెను. ఆ జాబు చదువుకొని హైమవతమ్మ చాలసేపు ఏడ్చెను. సంతోషముచేతనే సుమా!

తమ్మునికి మాత్ర మది యేమియు రుచింపలేదు.

"అరవయ్యేళ్లొస్తుంటే పట్నమెళ్లి ఏటి చేస్తావక్కా? నెల తిరక్కుండా వచ్చేస్తావు, చూడు" అని యాతడు పెదవి విఱిచెను. అంతటితో నూరకుండక "ఆ కమాను చేత్తో పట్టుకెళ్లకు. విమానంలో ఆయుధమని లాగేసుకుంటారు. ట్రంకుపెట్టెలో పెట్టి పార్సిలు లారీకి ఇచ్చీ" యని సలహా యొకటి పారవైచెను.

కమాననగా ఫిడేలు తంత్రులపై రాచి పలికించు వింటిబద్ద. ఆమెకున్న దదొక్కటియే. అది యామె తల్లిది. తల్లికి నమ్మమ్మ నేర్పునపుడును దనకు దల్లి నేర్పునపుడును దొలిస్వర మా కమానుతోనే పలికినది. శిష్యులచేతను దొలినాడు దానినే పట్టించుట యా యింటి యాచారము. అది లేక పాఠము మొదలిడుట యామె యెఱుగదు. అట్టి వస్తువును దల్లి పట్టుచీరెలో జుట్టి యుక్కుపెట్టెలో బెట్టి తాళము వైచి వారమునకు ముందే లారీలో బంపెను. పెట్టె చేరినదని ఐలయ్య ఫోను చేసినపుడు "ఆ మూత తియ్యకండి బాబూ, అందులో మా అమ్మ ప్రాణముంది" యని మాత్రము చెప్పెను.

ఇక మనము విమానాశ్రయమునకు మరలుదము. బుగ్గ రాములు అను క్యాబుచోదకుడు ముందునకు వచ్చి సామానును జూచి బుగ్గపై వ్రేలిడెను.

"డిక్కీల గ్యాస్ బండ ఉన్నదమ్మా. ఒక్కటే పడ్తది. ఇంకోటి ముందట సీట్ల కూసోవెడ్దాం."

అటులనే చక్రము లేని పెట్టెను జోదకుని ప్రక్కపీఠముపై గూర్చుండబెట్టి సీటుబెల్టు కట్టిరి. పెట్టెకు బెల్టు గట్టనిచో బండి కూయుచునే యుండునట! హైమవతమ్మ ఫిడేలును దాండ్రబుట్టను వెనుక దనయొడి జేర్చుకొనెను. బండి కదలెను. విశాలరాజమార్గమున నిరుప్రక్కల బంతిపూలదండలు కట్టిన లారీలును నిమ్మకాయలు చక్రములక్రింద నలిగిన కార్లును బోవుచుండగా నా తల్లి కిటికీనుండి నగరమును జూచుచు ముప్పదేండ్ల క్రిందటివలె గాలు లయబద్ధముగా దట్టుచుండెను. ఎంత భయమున్నను నామె మనసున నాశ పొంగుచుండెను.

సగము దూరము పోవునప్పటికి ఐలయ్య ఫోను చేసెను.

"మేడమ్! దిగిన్రా? మంచిగ వస్తున్రా? అందరం తయారుగున్నం. ఒక్క మాట మేడమ్. మొన్న లారీ తగిలి పాత కమాన్ ఇరిగిపోయింది. అదింక లేదు. మీరైతే ఫికర్ చెయ్యకుండ్రి. మేమే ఇనుముతోని కొత్త కమాన్ చేపిచ్చినం. దానికన్న గట్టిగున్నది. ఎర్రరంగు గూడ ఏసినం..."

మిగిలినది యామె వినలేదు. చేతినుండి ఫోను జాఱి తాండ్రబుట్టలో బడెను. లారీలో బంపిన కమాను లారీలోనే విఱిగెను! తీయవలదన్న మూతను దీసిరి! పైగా నినుముతో జేయించిరట! రంగు వేసిరట! జన్మమంతయు గేరురాడ్లతో గడపిన యా బస్సుచోదకుడు కమానులోని సౌకుమార్య మెఱుగక యే వెల్డింగు దుకాణముననో కడ్డీ నొకదానిని వంపించి తెచ్చియుండునని యామె యూహించుకొనెను. ఆ యెఱ్ఱని యినుపకడ్డీ తన ఫిడేలు తంత్రులపై బ్రాకుచున్నట్లు దోచి యొడలు జలదరించెను. అమ్మా యని లోలోన నఱచెను. తమ్ముని మాట లారీచక్రమువలె నామె చెవులలో దిరుగసాగెను.

"బాబూ, బండి తిప్పీ. విమానాల దగ్గరికే తిప్పీ. మా ఊరెళ్లిపోతాను."

"ఏమైందమ్మా? ఏమన్న మర్శిపోయిన్రా?"

"మర్చిపోలేదు నాయనా. పోయింది. తిప్పీ."

"ఈడ యూటర్న్ లేదమ్మా. నడిమిట్ల గోడ కట్టిన్రు. నాలుగు కిలోమీటర్లు ముందటికి పోతెనే ఎన్కకు మర్లేది."

మన నగరమున నింతే గదా. ముందునకు బోయినగాని వెనుకకు మరల నెవనికిని సాధ్యపడదు. హైమవతమ్మ కొంగు నోట గ్రుక్కుకొని వెక్కివెక్కి యేడ్వసాగెను. రాములు అద్దములో జూచి జూచి యుండబట్టలేక మెల్లగా నడిగెను.

"చెప్పుండ్రమ్మా, నేను మీ కొడుకసొంటోన్ని. ఏం పోయింది?"

"మా అమ్మ కమాను విరిగిపోయిందయ్యా. లారీలో విరిగిపోయింది."

"అయ్యో! అమ్మ పేరు మీద కట్టిచ్చిందా?"

"కట్టించడమేటి నాయనా! మా అమ్మ దాంతోనే బతికింది. నేనూ దాంతోనే బతికేను."

రాములు తల పంకించెను. ఎవరి కష్టము వారిది. తెలిసినంతలో నోదార్చుట తన ధర్మమని తలంచి యిట్లనెను.

"లారీలు తగుల్తయమ్మా, ఇరుగుతయి. మల్ల కట్టుకుంటరు. మా ఊరి కమాన్ రెండుసార్లు ఇరిగింది. రెండోపారి మా సర్పంచి వాళ్ల నాయిన పేరు మీద సిమెంటుతోని కట్టిచ్చిండు. ఇప్పుడు దాని కిందికెల్లి రెండు బస్సులు పక్కపక్కపొంటి పోతయి."

ఏడుపు సగములో నిలిచెను. హైమవతమ్మ కొంగు నోటినుండి తీసెను.

"దేని కింద నుంచి?"

"కమాన్ కిందికెల్లమ్మా."

"బస్సులా?"

"లారీలు గూడ పోతయి. గడ్డిబండి పోతెనే జర పైన తాకుతది."

ఆమె యాతని వంకను నాత డద్దములో నామె వంకను జూచిరి. ఇరువురిలో నెవరికో మతి చలించినదని యిరువురకును దోచెను. అంతలో బండి వేగము తగ్గెను. గోడకు సందు కనబడెను. రాములు మలుపు దీపము వెలిగించి వ్రేలు చాపి చూపెను.

"గిదో యూటర్న్ వచ్చింది. గట్ల సూడుండ్రమ్మా, గసొంటిదే కమాన్ అంటె."

చూచెను. బాట ప్రక్కన నిరుస్తంభములపై నర్ధచంద్రాకారముగ వంగిన యినుపతోరణము సరిక్రొత్త యెఱ్ఱరంగుతో బంతిదండలతో ధగధగలాడుచుండెను. దానిపై బూలబావికాలనీకి స్వాగతమని వ్రాసియుండెను. దాని పాదమున గుప్పగా బోసిన పాతరాళ్లనడుమ సగము పేరు మాత్రము మిగిలిన పాతతోరణపు ముక్క యొకటి పడియుండెను. తోరణముక్రింద దెల్లపంచె కట్టిన తలనెఱసిన పెద్దమనిషి యొకడు చేత జమ్మికొమ్మ పట్టుకొని వచ్చుపోవు ప్రతిబండిలోనికిని దొంగిచూచుచుండెను.

ఆమె యూరివారికి గమాననగా ఫిడేలు విల్లు. ఈ సీమవారికి గమాననగా నూరి ముఖద్వారము. వంపు చూచి పెట్టిన పే రొక్కటియే గాని వంగిన వస్తువులు వేఱు. ఆ సంగతి బోధపడగానే హైమవతమ్మకు నవ్వు వచ్చెను. ఏడుపును వచ్చెను. రెండును గలిసి యెక్కిళ్లు వచ్చెను.

"తిప్పమంటరా అమ్మా?" యని రాములు అడిగెను.

ఆమె యొక్కక్షణము వెనుకకు బోవు బాటవంక జూచెను. పెట్టెలో విల్లు విఱుగలేదని మాత్ర మెవరు చెప్పగలరు? వారము క్రిందట లారీలో నొరసుకొని వచ్చిన పెట్టె యది. ఐనను నా ముసలివాడు జమ్మికొమ్మతో నెండలో నిలుచుండెను.

"వద్దు నాయనా. దాని కింద నుంచే పోనీ."

బండి క్రొత్తకమాను దాటెను. ఐలయ్య "వచ్చిన్రు, మేడమొచ్చిన్రు" అని కేకవేసి బండివెంట బరుగెత్తెను. అపార్టుమెంటు వాకిట నతడే చక్రము లేని పెట్టెను భుజమున కెత్తికొనెను. రాములు రెండవదానిని లోపల దించి కథ యేమగునో చూడక పోనని గుమ్మముననే నిలిచెను. గోడగడియారము పది నలుబదియైనది. గదిలో జంపఖానపై నెనమండుగురు గూర్చుండిరి. మూలను ట్రంకుపెట్టె వైచిన తాళము వైచినట్లే యుండెను.

"మీరు చెప్పినట్లె మూత తియ్యలే మేడమ్. అమ్మ ప్రాణం ఉన్నదన్నరు గద, రోజు మాపటీలి దీపం పెట్టినం" అని ఐలయ్య చెప్పెను.

ఆ మాట విని హైమవతమ్మ కొంగుముడి విప్పి తాళపుచెవి తీసి మూతయెత్తి పట్టుచీరె మడతలను విప్పెను. విల్లు చెక్కుచెదరక యుండెను. ఆమె దానిని గన్నుల కద్దుకొని యచ్చటనే చతికిలబడెను. తాను వెనుకకు మరలబోయిన సంగతి దాచక యెల్లరకును జెప్పెను. రాములు తలబాదుకొని నవ్వెను. ఐలయ్య మాత్రము నవ్వలేదు.

"మర్లిపోతుంటిరా మేడమ్? ముప్పయ్యేండ్లు ఆగిన. ఇంకో ముప్పయ్యేండ్లు నాతాన లెవ్వు గద."

ఆమె యాతని నెదుట గూర్చుండబెట్టి ఫిడేలు భుజమున కానించి విల్లు చేతికిచ్చెను. స్టీరింగు త్రిప్పి త్రిప్పి కాయలుకాచిన యా చేయి గేరురాడ్డును బట్టినట్లు దానిని బట్టెను. ఆమె వ్రేళ్లు సవరించెను. అతడు లాగెను. కొండబాటలో బాతబస్సు బ్రేకు వేసినట్లు శబ్ద మొకటి పుట్టెను. గదియంతయు ఘొల్లున నవ్వెను. హైమవతమ్మ కన్నులలో నీరు నిండెను. ఆమె తలుపులు మూయుమనలేదు.

ఆ సమయమున దాండ్రబుట్టలోనుండి ఫోను మ్రోగెను. తమ్ముడు.

"చేరేను. ఫోను పెట్టీ, పాఠం చెప్తన్నాను" అని యామె ఫోను నాపివైచెను.

ఐలయ్య విల్లును బైకెత్తి వెలుతురున ద్రిప్పి చూచుచుండెను.

"దీన్ని ఏమంటరు మేడమ్?"

"కమాను."

ఆతడు చేతిలోని వంపును జూచెను. కిటికీలోనుండి దూరమున నెఱ్ఱగా మెఱయుచున్న వంపును జూచెను.

"అయితె ఇది గూడ లోపటికొచ్చే తొవ్వనే" యనెను.

వంగినదెల్ల విఱిగినదని యెంచి వెనుకకు మరలువారు లోకమున బెక్కురు. నాలుగు కిలోమీటర్లు ముందునకు బోయి చూచువారు కొందఱే. గడియారము పదునొకండు కొట్టునప్పటికి ఐలయ్య షడ్జమును దాటలేదు. హైమవతమ్మకు దొందరయు లేకుండెను.