గడువు: మైనస్ ఒకటి

ఆసుపత్రి రికార్డుల గదిలో పొద్దున్నే ముందు కిటికీలు తెరుచుకుంటాయి, తర్వాత కంప్యూటర్లు, ఆ తర్వాత నోళ్లు. ఊడ్చే మనిషి అందరి కుర్చీలూ జరిపి ఊడుస్తుంది, మూల సీట్లో పెద్దక్క కుర్చీ తప్ప. "కాళ్లెత్తు పెద్దక్కా" అంటే ఆమె కాళ్లెత్తుతుంది, అంతే. తొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలోంచి లేవలేదు. తినలేదు, పడుకోలేదు, ఒక్కసారైనా తుమ్మలేదు. వెంట్రుక నెరవలేదు. పక్క సీటు గుమాస్తా రివటలా ఉద్యోగంలో చేరి, ఈలోగా ముగ్గురు పిల్లల్ని కని, పీపాలా తయారైంది. "రహస్యమేంటో చెప్పవు కదా!" అని రోజుకి వెయ్యిసార్లు సణుగుతుంది. ఇంకెవరూ ఏమీ అనరు. హాజరు పట్టీలో ఆమెకి టిక్కు పెట్టేసి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు.

అలాంటి రోజుల్లో సర్వర్‌కి జబ్బు చేసింది.

డయాలసిస్‌కి వంతు రాయించుకునేది అందులోనే. లాగిన్ అయిన ప్రతి మనిషికీ సర్వర్ తన మెమరీలో కాస్త చోటిస్తుంది. ఎవరు, ఎంతవరకు రాశారు, అంతా గుర్తు పెట్టుకుంటుంది. అదే సెషన్. అరగంట అలికిడి లేకపోతే ఆ చోటు వెనక్కి తీసుకుంటుంది. ఇప్పుడేమో ఫారమంతా నింపి ఆఖరి బటన్ నొక్కేసరికి, నువ్వెవరన్నట్టు మళ్లీ లాగిన్ పేజీ! కౌంటర్ ముందు మూడూళ్ల జనం. అందరికంటే ముందున్న దర్జీకి అప్పటికే రెండు వంతులు తప్పిపోయాయి. కాళ్లు దిమ్మల్లా వాచిపోయి, గోడ పట్టుకుని ఆయాసపడుతున్నాడు.

"ఇవాళ యంత్రం ఎక్కకపోతే ఈయన దక్కడు" అని సూపరింటెండెంట్ డాక్టరమ్మ సర్వర్లు చూసే అమ్మాయిని పిలిపించింది. ఆ అమ్మాయి పెద్దక్క కూతురే.

కూతురు ముందు తీగలు చూసింది, తర్వాత బ్రౌజర్లు. ఆఖరికి సర్వర్ తన ప్రతి కదలికా రాసుకునే చిట్టా, లాగ్ తెరిచింది. పరిస్తే చందమామ దాకా పోయి తిరిగొచ్చేంత లాగ్! అందులో ఉన్న సంగతి మాత్రం ఒకటే. మెమరీ నిండిపోయి సర్వర్ పది నిమిషాలకోసారి కూలి, మళ్లీ లేస్తోంది. కూలినప్పుడల్లా అందరి సెషన్లూ పోతున్నాయి, ఒక్కటి తప్ప. అది డిస్క్ మీద దాక్కుని, సర్వర్ లేవగానే మళ్లీ మెమరీలోకొచ్చి కూర్చుంటోంది. అది పెద్దక్క పేరు మీదుంది. దాని వయసు తొమ్మిదేళ్లు. అన్నేళ్లలో చూసిన ప్రతి రోగి రికార్డూ దాని కడుపులోనే ఉంది.

సెట్టింగుల్లో దాని కోసమే ప్రత్యేకంగా ఒక వరుస కనబడింది. గడువు: మైనస్ ఒకటి. అంటే ఎప్పటికీ తీరనిది. పక్కన రాసినాయన పొడి అక్షరాలు. అవి నాన్నవి. ఈ సర్వర్లు ఆయనే చూసేవాడు. మూడేళ్ల కిందట ఆయన్ని ఈ వరండాలోంచే మోసుకెళ్లినప్పుడు పెద్దక్క కుర్చీలోంచే చూసింది.

"అమ్మా, ఇది నాన్న పనా?"

"కీళ్లు పట్టేసి నా వేళ్లు వంగేవి కాదు కదే. సర్వరేమో అరగంటకోసారి బయటికి నెట్టేసేది. పాస్‌వర్డ్ కొట్టలేక ఏడ్చేదాన్ని. 'ఇంక నిన్నెవరూ నెట్టరులే' అన్నాడు."

"తీసేస్తే నీకేమవుతుందో నాకు తెలీదు."

"నాకూ తెలీదు. ఆ దర్జీకి ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు."

"నాన్న నీకిచ్చినవాటిలో ఇదొక్కటే మిగిలిందమ్మా."

"మరి నిన్నెవరిచ్చారే, పక్కింటాయనా?"

కూతురికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మైనస్ ఒకటి చెరిపేసి అందరికీ ఉన్నట్టే ముప్పై నిమిషాలు అని రాసింది. ఇప్పటికిప్పుడు సెషన్ తెంపడానికి మాత్రం చెయ్యి రాలేదు. డాక్టరమ్మ దర్జీ వైపు చూసింది.

"అరగంటేగా. ఉంటానమ్మా" అన్నాడతను, గోడ వదలకుండా.

పెద్దక్క మౌస్ మీంచి చెయ్యి తీసి, కుర్చీ తిప్పి కూతురి మొహం చూసింది. "ఎంత చిక్కిపోయావే!" అంది. ఆ ముప్పై నిమిషాల్లో తొమ్మిదేళ్ల కబుర్లు అడిగింది. కూతురు చెప్పినవి కొన్ని, మింగినవి కొన్ని. ఇరవై తొమ్మిదో నిమిషంలో కూతురి చెయ్యి దానంతటదే మౌస్ వైపు పోయింది. ఒక్క నొక్కు నొక్కితే ఇంకో అరగంట. పెద్దక్క ఆ మణికట్టు పట్టుకుని వదల్లేదు.

లాగిన్ పేజీ వచ్చింది.

చెవి పక్కన మొదలై జుట్టు నెరిసింది. చెంపలు జారాయి, వేళ్లు మెలికలు తిరిగాయి. తొమ్మిదేళ్ల అలసట ఒక్కసారిగా మీద పడినట్టు పెద్ద నిట్టూర్పు వచ్చింది. మనిషి మాత్రం మిగిలింది. అవతల గుమాస్తా ఆఖరి బటన్ నొక్కి, "దర్జీ గారూ, పడింది! రండి" అని అరిచింది.

తెర మీద పేరు రాసే చోట గీత మినుకుమినుకుమంటోంది. పెద్దక్కకి పాస్‌వర్డ్ గుర్తుంది. కాసేపు చూసి తెర ఆపేసింది. కూతురి భుజం ఆసరాతో లేచి నిలబడింది.

"ఇప్పుడు మనముండే ఇల్లు ఎక్కడే?"

"రెండు సందుల అవతల. మేడ మీద వాటా. మెట్లున్నాయమ్మా."

"ఎన్ని?"

"పద్దెనిమిది."

"మెల్లిగా ఎక్కుదాంలే" అంది పెద్దక్క.