ఫియట్ నడిచే పోవాలె

కారు అమ్మడానికి కమలవ్వ పెద్దమ్మ ఒకటే షరతు పెట్టింది. క్వార్టరు గేటు దాటేటప్పుడు అది సొంత ఇంజనుతోనే దాటాలి.

"తాడు కట్టి గుంజుకపోతనంటే ఇయ్య. మీ పెద్దబాపు బండి గట్ల పోవద్దు," అంది.

పెద్దబాపు అంటే ఆమె భర్త ముత్యం సారు. బొగ్గు గనిలో పనిచేస్తూ పద్నాలుగేళ్ల కింద చనిపోయారు. ఆయన ఫియట్ అప్పటి నుంచి రేకుల షెడ్డులోనే ఉంది. అప్పట్లో మాది పక్క క్వార్టరు. నా డిగ్రీ పరీక్షలప్పుడు ఒకరోజు బస్సులు బంద్ అయితే, ఆయన నన్ను ఆ కారులోనే కరీంనగర్ తీసుకుపోయి, పరీక్ష అయ్యేదాకా బయట కూర్చున్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఇప్పుడు జమ్మికుంటలో టీచర్‌ను. ఆ కారు తుక్కుకు పోతుందంటే మనసొప్పక, నేనే కొంటానన్నాను.

పెద్దమ్మ కొడుకు నిరంజన్‌కు వేరే గనికి బదిలీ అయింది. మూడు ఆదివారాలు పోయాక వచ్చే సోమవారం క్వార్టరు అప్పగించాలి. ఆలోపు కారు కదలకపోతే తుక్కు వాళ్లను పిలుస్తానన్నాడు.

మెకానిక్ అజీముద్దీన్ రెండు ఆదివారాలు వచ్చి బ్రేకులు, టైర్లు, బ్యాటరీ సరిచేశాడు. మూడో ఆదివారం, అదే ఆఖరుది, పాత పెట్రోలు తీసేద్దామని టాంకి అడుగున మర విప్పాడు. బకెట్‌లోకి తుప్పు రంగు నీళ్లు వచ్చాయి.

"గిదేంది మేడం? టాంకీల చేపలు పెంచిన్రా?" అన్నాడు.

పెద్దమ్మ వంగి బకెట్‌లోకి చూసింది. "గవి ధర్మపురి గోదారి నీళ్లు. ఏటా దసరా పూజకు చెంబెడు పోస్తున్న."

"టాంకీలనా అమ్మా?"

"ఆయన ముందట బానెట్ లేపి, ఇంజను నీళ్ల మూత తీసి పోస్తుండె. నాకు గది రాలే. ఎనుక మూత వచ్చింది. ఎటు నుంచి తాగినా కడుపులకే పోతది గదా అనుకున్న."

పెద్దమ్మ బకెట్ మీంచి తలెత్తి నా వైపు తిరిగింది.

"అంటే నేనే చెడగొట్టిన్నా, సరూపా?"

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "టాంకి నీళ్లకే పాడైంది పెద్దమ్మా. ఇంజనుకేం కాలే."

"ఫికర్ చెయ్యకమ్మా," అన్నాడు అజీముద్దీన్. "కడుపు పాడైంది, గుండె మంచిగనే ఉన్నది."

టాంకి పైపును పక్కకు తీశాడు. నీళ్ల సీసాలో పెట్రోలు నింపి, సన్న పైపుతో ఇంజనుకు కలిపి, సీసాను ఎత్తిపట్టుకుని, డ్రైవరు సీట్లో ఉన్న నా పక్కన కూర్చున్నాడు. నేను తాళం నాలుగోసారి తిప్పితే ఇంజను అందుకుంది. షెడ్డంతా పొగ.

"పోనియ్యి మేడం! ఆపకు! ఆగితే మళ్ల లేస్తదో లేదో!"

పెద్దమ్మ చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు పట్టుకుని ఇంట్లోంచి వస్తోంది. నేను ఆపలేదు. పోయొస్తానని కూడా చెప్పలేదు. కారు గేటు దాటింది. రెండు కిలోమీటర్లు పోయి, చౌరస్తాలో అజీముద్దీన్ షెడ్డు ముందు ఆగింది. అప్పటికి సీసా అడుగంటింది.

ఫోన్ చేశాను.

"సొంతంగనే పోయిందా?" అని అడిగింది పెద్దమ్మ.

"సొంతంగనే. నడుమ యాడ ఆగలే."



"నిమ్మకాయలు పెట్టనియ్యకపోతిరి."

"ఆపితే మళ్ల..."

"ఎరికే తియ్యి. షర్బత్ చేస్తున్న. గా అజీమును తోలుకొని రా. ఇద్దరు నడుసుకుంట రాండ్రి, బండిని మాత్రం మళ్ల తేకుండ్రి."